భోజనాల దగ్గర అడిగిన ప్రశ్న

ఎమ్మెస్ అయ్యాక గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడి పెద్ద సర్జన్ ఆ చుట్టుపక్కల లాపరోస్కోపీ మొదలుపెట్టిన తొలి ఇద్దరు ముగ్గురిలో ఒకరు. పొట్ట కోయకుండా నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా దించి, టీవీలో చూస్తూ పిత్తాశయం తీసేస్తారంటే జనం అప్పటికింకా పూర్తిగా నమ్మేవాళ్లు కాదు. ఆయన్ని అందరం చీఫ్ అనేవాళ్లం. రెండేళ్లు తన దగ్గరుంటే పని నేర్పిస్తానని చేరిన రోజునే చెప్పారు. నేను చేరింది అందుకే.

ఆ రెండేళ్లూ కెమెరా పట్టుకున్నాను. ఆ పని చెప్పడానికి తేలిక. సర్జన్ చూడదలుచుకున్నది టీవీ మధ్యలో ఉండాలి. బొమ్మ ఒరిగిపోకూడదు, వణకకూడదు. లెన్సు మీద ఆవిరి పట్టినప్పుడు బయటికి తీసి, వేడినీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ లోపల పెట్టాలి. కొన్నాళ్లకి చీఫ్ చేతులు ఎటు కదలబోతాయో ముందే తెలిసిపోయేది. ఆయన చెప్పేలోపే కెమెరా అటు తిరిగేది. ఒకసారి థియేటర్లో అందరి ముందూ, "నువ్వు లేని రోజు నాకు కళ్లు లేనట్టే ఉంటుందమ్మా" అన్నారు. ఆ రోజంతా చాలా సంతోషంగా తిరిగాను. ఆ మెప్పే నన్ను అక్కడ కట్టిపడేసిందని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

పనిముట్లు చేతికి రాలేదని ఊరికే కూర్చోలేదు. మా థియేటర్ టెక్నీషియన్ సంగడిగుంటలో ఉండే ముస్లిం పెద్దాయన. ఆసుపత్రిలో చెడిపోయిన ప్రతి వస్తువునీ ఆయన విప్పి చూసేవాడు. నేను అడిగితే ప్లైవుడ్డుతో ఒక పెట్టె చేసిపెట్టాడు. మూతకి రెండు రంధ్రాలు, లోపల చిన్న బల్బు. పెళ్లిళ్ల వీడియోలు తీసే తన బావమరిది దగ్గర్నుంచి పాత కెమెరా ఒకటి తెచ్చి పక్కన బిగించాడు. పక్కన పడేసిన పొడవాటి ఫోర్సెప్సు రెండు దొరికాయి. మా నాన్న ప్రత్తిపాడు వైపు పత్తి వేసేవాడు. ఇంటి నుంచి సంచీడు పత్తి తెచ్చుకుని, పెట్టెలో పెట్టి, టీవీలో చూస్తూ దూదిలోంచి గింజలు లాగేదాన్ని. దూది చిరగకుండా గింజ ఊడి రావాలి. మొదట్లో ఒక్క గింజకే మెడ పట్టేసేది. ఏడాది తిరిగేసరికి పక్కవాళ్లతో మాట్లాడుతూ తీయగలిగాను. ఈ పెట్టె సంగతి చీఫ్‌కి తెలుసు. ఒకటి రెండుసార్లు గుమ్మంలో ఆగి, బాగుందని తలూపి వెళ్లారు.

లాపరోస్కోపీ సర్జన్ల సదస్సు ఒక ఫిబ్రవరిలో గుంటూరులో జరిగింది. మార్కెట్ యార్డుకి మిరపకాయ వచ్చే రోజులు. ఆ ఘాటు మాకు తెలిసేది కాదు గానీ, పై ఊళ్ల నుంచి వచ్చిన డాక్టర్లు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే తుమ్మడం మొదలుపెట్టారు. కళ్యాణమండపం పెద్ద హాల్లో ఆపరేషన్లు తెర మీద చూపించారు. నిర్వాహకుల్లో ఒకాయన విదేశంలో చూసొచ్చి, మధ్యాహ్నం భోజనాలప్పుడు కూడా చిన్న చిన్న సభలు పెట్టించాడు. తినేవాళ్లు తింటూ వింటారు, మాట్లాడేవాళ్లు మాట్లాడతారు. అక్కడ అది ఎలా జరిగిందో గానీ మన దగ్గర వడ్డించేవాళ్లు ఊరుకోరు. ఉపన్యాసం మధ్యలో, వేసిన స్లయిడుకి అడ్డంగా, సాంబారు బకెట్టు పట్టుకుని వచ్చేవాళ్లు. మేడ మీద గదిలో పెట్టిన సభ కొత్త సర్జన్లకి పని నేర్పించడం గురించి. మాట్లాడేది మా చీఫ్. కింద వేడివేడిగా ఉలవచారు వడ్డిస్తుంటే పైకి వచ్చినవాళ్లు పాతికమంది ఉంటారేమో. నేను గోడ పక్కన బల్ల దగ్గర కూర్చున్నాను.

చీఫ్ బాగా మాట్లాడతారు. నేర్చుకునేవాళ్లు ముందు చూడాలి, తర్వాత కెమెరా పట్టాలి, ఆ తర్వాత మనం పక్కన నిలబడి పనిముట్లు వాళ్ల చేతికివ్వాలి అన్నారు. ఇవ్వడానికి మనకి ధైర్యం కావాలన్నారు. తమ దగ్గర అలాగే జరుగుతుందన్నారు. అందరితోపాటు నేనూ తలూపాను. అలవాటుగా ఊపానే తప్ప ఆ మాటల్ని నాకు అన్వయించుకోలేదు.

ఆయన ముగించాక చీరాల వైపు నుంచి వచ్చిన డాక్టరొకాయన లేచాడు. యాభై దాటినవాడు, సొంత నర్సింగ్ హోమ్ ఉంది, ఆ వయసులో లాపరోస్కోపీ నేర్చుకోవాలని తిరుగుతున్నాడు.

"బాగా చెప్పారండి. నాదొక డౌటు. నేను మూడు చోట్లకి వెళ్లానండి నేర్చుకుందామని. అన్నిచోట్లా చూపించారు, ఎక్కడా చేతికివ్వలా. మీ దగ్గర నేర్చుకున్నవాళ్లెవరన్నా ఇక్కడుంటే వాళ్లనడుగుదామని" అన్నాడు.

చీఫ్ ముఖం వికసించింది. చెయ్యెత్తి నన్ను చూపించారు. "అదిగోనండీ మా అమ్మాయి. రెండేళ్లనుంచీ నాతోనే ఉంది. అడగండి."

ఆ డాక్టరు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నీ చేత్తో ఎన్ని గాల్‌బ్లాడర్లు తీశావు?"

నోట్లో పెరుగన్నం ఉంది. మింగడానికి పట్టిన ఆ కాస్త వ్యవధిలో ఏదో ఒక సంఖ్య చెబుదామనే అనుకున్నాను. ఏ సంఖ్య చెప్పాలో తోచలేదు.

"ఒక్కటీ తియ్యలేదండి. కెమెరా పట్టుకున్నాను" అన్నాను.

చీఫ్ ముఖంలో నవ్వు ఇంకా ఉంది, దాన్ని ఎప్పుడు తీసెయ్యాలో తెలియనట్టు. నా శిక్షణ ఇంకా పూర్తి కాలేదని ఆయన అన్నారు. నిర్వాహకుడు ఆ తర్వాత మాట్లాడాల్సినాయన్ని పిలిచాడు. మెట్లు దిగుతుంటే ఆ చీరాల డాక్టరు నా పక్కకొచ్చి, ఇబ్బంది పెట్టాలని అడగలేదని రెండు మూడుసార్లు చెప్పాడు. పర్లేదన్నాను. సాయంత్రం దాకా చీఫ్ నా వైపు చూడలేదు.

సోమవారం థియేటర్‌కి వెళ్తే కెమెరా దగ్గర డ్యూటీ డాక్టరు నిలబడి ఉన్నాడు. నన్ను వార్డు చూసుకోమన్నారని నర్సు చెప్పింది. ఆ రోజూ మర్నాడూ అంతే. మూడు వారాలు డ్రెస్సింగులు మార్చాను, కేస్ షీట్లు రాశాను. చీఫ్ కోప్పడలేదు. రౌండ్స్‌లో అవసరమైన మాటలే మాట్లాడేవారు. రాజీనామా ఉత్తరం రాసి బ్యాగులో పెట్టుకున్నాను. నేను చేసింది తప్పనిపించలేదు, అలాగని గొప్పగానూ అనిపించలేదు. పదిమందిలో ఆయన పరువు తీశానన్నది మాత్రం నిజం. టెక్నీషియన్ పెద్దాయన ఒక్కడే ఆ సంగతి ఎత్తాడు. అబద్ధం చెప్పినా నాకు నిద్ర పట్టేది కాదన్నాడు. పెట్టె మాత్రం మానొద్దన్నాడు.

మూడో వారం చివర చీఫ్ తన గదిలోకి పిలిచారు. బల్ల మీద వీడియో క్యాసెట్లు పేర్చి ఉన్నాయి. చేసిన ఆపరేషన్లన్నీ ఆయన రికార్డు చేయించి దాచేవారు.

"ఆ రోజు నాకు చాలా కోపమొచ్చింది" అన్నారు. "ఎక్కడో ఒకచోట నీకిచ్చే ఉంటాను, నువ్వే మర్చిపోయావనుకున్నా. చూపిద్దామని ఇవన్నీ తీశాను."

నేను నిలబడే ఉన్నాను.

"అన్నీ చూశా. లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు. నా చేతులే ఉన్నాయి."

ఆ తర్వాత కాసేపు వార్డులో ఉన్న ఒక పేషెంటు గురించి మాట్లాడారు. నేను గుమ్మం దాకా వెళ్లాక, మర్నాడు ఉదయం మొదటి కేసు నన్ను చెయ్యమని చెప్పారు. కెమెరా తను పట్టుకుంటానన్నారు. ఉత్తరం బ్యాగులోనే ఉండిపోయింది.

ఆ పేషెంటు నలభై ఏళ్ల మనిషి, మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పిత్తాశయంలో రాళ్లు. చీఫ్ ముందురోజే ఆమె దగ్గర కూర్చుని, ఆపరేషన్ ఈ అమ్మాయి చేస్తుంది, నేను పక్కనే ఉంటాను, నీకిష్టమేనా అని అడిగారు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీరుంటారుగా, చెయ్యనీండి" అంది.

మాలో ఎవరూ అనుకోనిదేమిటంటే, చీఫ్‌కి కెమెరా పట్టడం రాదు. బొమ్మ ఒకసారి కాలేయం మీదికి, ఒకసారి పొట్ట గోడ మీదికి పోయేది. టీవీలో నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

"సర్, కొంచెం కిందికి" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కిందికి దించారు. మరీ కిందికి పోయింది. మళ్లీ చెప్పాను. నాళానికీ ధమనికీ క్లిప్పులు వేసి కత్తిరించేదాకా పని నెమ్మదిగా, సవ్యంగానే సాగింది. కాలేయం నుంచి పిత్తాశయాన్ని విడదీసేటప్పుడు ఒకచోట రక్తం ఊరడం మొదలైంది. టీవీ ఎర్రబడింది. నా చెయ్యి ఆగిపోయింది. చీఫ్ కెమెరా నర్సుకిచ్చి నా చేతిలోని పనిముట్లు తీసుకున్నారు. ఇక నా పని ముగిసిందని పక్కకి జరిగాను. ఆయన ఆ చోటిని కనిపెట్టి, కాల్చి రక్తం ఆపడానికి నిమిషం పట్టి ఉంటుంది. ఆపాక పనిముట్లు నా వైపు చాపారు. "కానియ్యి" అని మళ్లీ కెమెరా అందుకున్నారు.

మామూలుగా పట్టే సమయానికి రెండింతలు పట్టింది. మత్తు డాక్టరు రెండు మూడుసార్లు గడియారం చూశాడు. ఆమె సాయంత్రానికి కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. మూడోరోజు ఇంటికెళ్లింది.

అప్పట్నుంచి వారానికొకటి నాకిచ్చేవారు. మనసు బాగుంటే రెండు. కొన్నిసార్లు సగంలో లాక్కున్నారు, తిరిగివ్వని రోజులూ ఉన్నాయి. ఒకటి రెండు కేసుల్లో కష్టమై, పొట్ట తెరిచి పూర్తి చేశాం. నేను ఇంకో ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. ఒక ఆదివారం ఆయన తెనాలిలో పెళ్లికి వెళ్లినప్పుడు పిత్తాశయం వాచి, నొప్పితో ఒక రైతు వచ్చాడు. మర్నాటిదాకా ఆగే పరిస్థితి కాదు. ఫోన్ చేస్తే దొరకలేదు. డ్యూటీ డాక్టరుకి కెమెరా ఇచ్చి నేనే చేశాను. సాయంత్రం సంగతి తెలిసి ఆయన తెనాలి నుంచి ఫోన్ చేశారు. పేషెంటుకి జ్వరం ఏమైనా ఉందా, మూత్రం వచ్చిందా అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సరే, పొద్దున చూస్తానని పెట్టేశారు.