టిఫిన్ బల్ల మీద సేనాని

పద్మారావు నగర్‌లోని ఆ ఇంట్లో రోజెలా గడుస్తుందో టిఫిన్ బల్ల మీది బొమ్మే చెప్పేది. బొటనవేలంత ప్లాస్టిక్ సేనానులంటే రాజేందర్‌కు పిచ్చి. అందరూ పాత యుద్ధాలవాళ్లే, దుమ్ము రంగు ఖాకీల్లో. పొద్దున్నే ఒకణ్ణి ఏరి తన పళ్లెం పక్కన నిలబెట్టేవాడు. దుర్భిణి పట్టుకున్నవాడైతే భార్య కల్పలత ఊపిరి పీల్చుకునేది. కత్తి దూసినవాడైతే కూతురు అనుపమను తొందరగా బడికి పంపేసి, వంటింట్లో గాజులు చప్పుడు కాకుండా మసలేది. నిరుడు పక్షవాతంతో అతనికి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఇప్పుడు బొమ్మలు తుడిచేది కల్పలతే.

"గివన్నీ ఎవరికన్న ఇచ్చెయ్యరాదే అమ్మా?" అంది అత్తగారింటి నుంచి చూడవచ్చిన అనుపమ.

"ఉండనియ్యి బిడ్డా. వీటితోని ఇంక పనున్నది."

మర్నాడు పొద్దున అతను పక్క తడిపాడు. కల్పలత దుప్పటి మార్చింది, ఒళ్లు తుడిచింది. కుర్చీలో కూర్చోబెట్టి, ఇడ్లీ పళ్లెం తెచ్చి, దాని పక్కన కత్తి దూసినవాణ్ణి నిలబెట్టింది. రాజేందర్ ముందు బొమ్మను చూశాడు. తర్వాత, ఇన్నేళ్లూ ఆమె చూసినట్టే, ఆమె మొహంలోకి చూశాడు. ఇడ్లీ ముక్క తుంచి నోటికి అందించబోతూ ఆమె చెయ్యెత్తితే, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.