రబ్బరు సింహానికి రంగేసిన ముచ్చట

ఆ రోజుల్లో బొమ్మ గీయడం వచ్చినవాడికి ఊళ్లో ఉండే గౌరవం వేరు, ఆ గౌరవంతో పాటు మీద పడే పనులు వేరు. కల్వకుర్తి బడిలో డ్రాయింగు సారుగా చేరిన కొత్తలో నేను ఎడ్లబండి చక్రాలకు పూలు దిద్దాను, దుకాణాల బోర్డులు రాశాను, ఒక పెళ్లింటి గోడ మీద ఏనుగును కూడా గీశాను. (అది ఏనుగేనని పెళ్లివారు చివరిదాకా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.) అయినా రంగుల విషయంలో నాకు తెలియనిది లేదనే నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వయసు అలాంటిది.

ఆ ఊళ్లోనే మా అమ్మకు వరుసకు తమ్ముడయ్యే బట్టల దుకాణం మామ ఉండేవాడు. ఆయనకో కూతురు. ఆ అమ్మాయి మీద నాకెంత మనసుండేదంటే, ఆమె కనబడుతుందేమోనని అవసరం లేకపోయినా ఆ దుకాణంలో తువ్వాళ్లు కొంటూ ఉండేవాణ్ని. మా అమ్మా బాపూ పెళ్లి కబురు పెడితే మామ అవుననలేదు, కాదనలేదు. వరుసకు అల్లుణ్నే అయినా, ఎక్కడ మాట ఇచ్చినట్టవుతుందోనని నన్ను 'సారూ' అనే పిలిచేవాడు. ఏటేటా నరసింహ జయంతి ఆటలో తాను కట్టే హిరణ్యకశిపుడి వేషమంటే ఆయనకు ప్రాణం. ఆ వేషం కోసం పెంచిన మీసమంటే అంతకన్నా ప్రాణం. అది పెట్టుడు మీసం కాదు, సొంతం. నూనె రాసి మెలితిప్పితే చెవుల దాకా పోయేది.

ఆ ఏడు మామ ఎవరిచేతనో బొంబాయి నుంచి రబ్బరు సింహం మొహం తెప్పించాడు. అంతకుముందున్నది కాగితపు గుజ్జుతో చేసింది, ఎంత గర్జించినా మూతి కదిలేది కాదు. ఇది తొడుక్కున్నవాడు నోరు తెరిస్తే తానూ తెరుస్తుంది. కాకపోతే రంగు లేక, పాలిపోయి, జ్వరం పడి లేచిన సింహంలా ఉంది.

"సారూ, దీనికి జర మంచిగ రంగెయ్యి," అన్నాడు మామ. "మా ఇంటామె నీ పనితనం సూస్తనన్నది. గీ సింహం మంచిగ కుదిరితే గా ముచ్చట మాట్లాడుకుందాం."

గా ముచ్చట ఏదో నాకు వేరే చెప్పాలా? తలుపులకు వేసే ఆయిలు పెయింటు తెచ్చి పసుపు, ఎరుపు దట్టంగా పట్టించాను. ఆరాక అది కొత్త తలుపులాగే నిగనిగలాడింది. పండుగ రెండు రోజులుందనగా రిహార్సలు. నరసింహస్వామి వేషం మా డ్రిల్లు సారుది. ఆయన మామను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒక్క గర్జన గర్జించేసరికి సింహం మొహమంతా ఎండిన చెరువులా పగిలి, రంగు పెచ్చులు పెచ్చులుగా మామ కళ్లలో, తెరిచిన నోట్లో రాలింది.

"థూ! సింహమా గిది, సున్నం రాలే గోడనా?" ఉమ్ముకుంటూ లేచాడు మామ. "సారూ, పండుగ నాడు గిట్ల ఒక్క పెచ్చు రాలిందా, మా ఇంటి దిక్కు రాకు. గంతే."

ఆ పూట నాకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున బజారుకు బయల్దేరితే సైకిలుకు గాలి లేదు. అతుకుల మీద అతుకులున్న ట్యూబును బయటికి తీసి గాలి కొడుతున్నాను. ట్యూబు ఉబ్బుతోంది, అతుకూ దానితో పాటే సాగుతోంది, ఊడటం లేదు. అప్పుడు బుర్రలో వెలిగింది. రబ్బరుతో పాటు రంగూ సాగాలంటే రంగులో కూడా రబ్బరే ఉండాలి! రబ్బరు కరిగించి చేసే పంక్చరు సొల్యూషన్ కొని, పెట్రోలుతో పలుచన చేసి, గుడ్డలో జల్లించిన రంగు పొడి కలిపాను. పాత పెయింటు తీయడం కష్టమే కాలేదు, మొహాన్ని నాలుగు వైపులా లాగితే అదే రాలిపోయింది. కొత్త రంగు పలుచగా, ఒక పూత ఆరాక మరో పూత వేశాను. లాగి చూశాను, నలిపి చూశాను, బట్ట పిండినట్టు పిండి చూశాను. ఎక్కడా గీత పడలేదు. ముట్టుకుంటే మాత్రం వేలికి కొంచెం అంటుకున్నట్టుండేది. కొత్త రంగు కదా, అంతే అనుకున్నాను. (అంత తెలివి పక్కనే ఇంత తెలివితక్కువ ఎలా కాపురముంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

మా ఊరి ఆటకొక పద్ధతి ఉండేది. స్తంభం సరిగ్గా పొద్దుగూకే వేళకే పగలాలి. అందుకని ఎండ మండుతుండగానే ఆట మొదలుపెట్టేవారు. స్వామి రాక్షసుడి మీదికి మొహం ఆనేలా వంగాక ముత్తైదువలు వరుసగా వచ్చి హారతులివ్వాలి. ఆఖరి హారతి అయ్యేదాకా స్వామీ, రాక్షసుడూ కదలకూడదు.

పండుగ సాయంత్రం డ్రిల్లు సారు గర్జిస్తే ముందు వరసలో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఒక్క పెచ్చు రాలలేదు. తెర పక్కన నిలబడి నేను మనసులో పెళ్లి భోజనాల దాకా వెళ్లిపోయాను. స్వామి వంగాడు, మామ చచ్చాడు, హారతులు మొదలయ్యాయి. అసలే వైశాఖపు ఎండకు వేడెక్కిన రబ్బరు, దానికి తోడు కర్పూరం సెగ. ఆఖరి హారతి అయ్యాక స్వామి లేచాడు. చచ్చిన హిరణ్యకశిపుడు కూడా ఆయనతో పాటే లేచాడు.

మామ మీసం సింహం గడ్డానికి అంటుకుపోయింది. డ్రిల్లు సారు తల విదిలిస్తే మామ తల కూడా ఊగింది. "ఓ సారూ, గుంజకు! పానం పోతాంది!" అని చచ్చినవాడు గుసగుసలాడటం నాకు వినిపించింది. చేసేదిలేక ఇద్దరూ మొహానికి మొహం ఆనించుకుని, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, ఎండ్రకాయల్లా పక్కపక్కకు అడుగులేస్తూ తెర వెనక్కి నడిచారు.

జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అంతలో ఒక అవ్వ లేచి దండం పెట్టింది. "గోవిందా! సామి ఎంత దయగలోడే! సంపినోన్ని కావలించుకొని వైకుంఠం తీస్కపోతాండు!" ఇక మైదానమంతా గోవింద నామమే. కొబ్బరికాయలు టపటపా పగిలాయి.

తెర వెనక మీసాన్ని కత్తెరతో కోయక తప్పలేదు. ఒకవైపు మీసంతో మామ వచ్చి నా ముందు నిలబడితే నేను తలెత్తలేకపోయాను. నా పెళ్లి ఆ మీసంతోనే తెగిపోయిందనుకున్నాను. ఆయన సింహం మొహాన్ని అందుకుని లాగాడు, నలిపాడు, దీపం దగ్గర పెట్టి చూశాడు. బయట గోవిందలు ఇంకా ఆగలేదు.

"రంగైతె పోలే," అన్నాడు. మిగిలిన మీసం తడుముకున్నాడు. "మీసానికేముంది, మళ్ల మొలుస్తది. పా అల్లుడా, ఇంటికి పోయి బువ్వ తిందాం."

అల్లుడా! ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూట వడ్డిస్తూ ఆ అమ్మాయి నాతో మొదటిసారి మాట్లాడింది. "అంటుకుంటదని తెల్వదా బావా? మీద జర మొహం పౌడరు కొడితే అయిపోతుండె గదా." పెళ్లయి ఇన్నేళ్లయినా, నేను కొత్త పని ఏది మొదలుపెట్టినా ఆమె "పౌడరు కొట్టినవా?" అనే అడుగుతుంది. మరుసటి ఏడు వైకుంఠం సీను ఉండాల్సిందేనని జనం పట్టుబట్టారు. మామ ఏ రంగు సాయం లేకుండానే సింహాన్ని కావలించుకుని నడిచాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. మొన్న ట్రంకు పెట్టె సర్దుతుంటే ఆ సింహం బయటపడింది. రబ్బరు గట్టిపడి అప్పడంలా విరుగుతోంది, కానీ విరిగిన ముక్కల మీద కూడా రంగు అలాగే ఉంది. గడ్డం దగ్గర మామ మీసం వెంట్రుకలు కొన్ని, నల్లగా, ఇంకా అతుక్కునే ఉన్నాయి. మా ఆవిడ వాటిని వేలితో తడిమి, ముక్కలన్నీ ఒక పాత తువ్వాల్లో మూటకట్టింది. (అవసరం లేకుండా కొన్నవాటిలో అదొకటి.) అద్దంలో నా తెల్ల మీసం చూసుకుంటే, ఆ డ్రాయింగు సారు మీద నవ్వొచ్చింది, జాలీ వేసింది. పౌడరు సంగతి అతనికి ముందే తెలిసుంటే, ఈవేళ మాకు మామవి ఆ నాలుగు వెంట్రుకలైనా మిగిలేవి కావు.