నంబర్ పాస్ నై

కళాశాల వక్తృత్వ పోటీల్లో నాకు నేర్పిన మొదటి సూత్రం ఇది: వాదనకు దిగేముందు పదాలకు అర్థం తేల్చుకోవాలి. దీన్ని నేను కరీంనగర్‌లో నేర్చుకుని, సెలవులకు బెల్లంపల్లి వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించేవాణ్ణి. మా ఇంట్లో నాన్న బాపు, అమ్మ అవ్వ. బాపు "కూరల ఉప్పు తక్కువైంది" అంటే, "దేనితో పోలిస్తే తక్కువ?" అని అడిగేవాణ్ణి. ఆయన ప్రతివాదనగా చెంబు విసిరేవాడు.

ఆ వేసవిలో నా దృష్టి 'పాస్' అనే ఇంగ్లీషు మాట మీద పడింది. దానికి కారణం మా తెలుగు ఉపన్యాసకుడు. కోస్తా నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి, ఇంగ్లీషు మాటలు విడిచిపెడితే తప్ప తెలుగుకు మోక్షం లేదని గంటసేపు బోధించి, "పరీక్షలో పాస్ కావడం కాదు, ఉత్తీర్ణులు కావాలి" అని మా అందరి చేతా పలికించాడు. ఆపై గడియారం చూసుకుని, "ఒక్క క్షణం, పాసుకు వెళ్ళొస్తాను" అంటూ బయటికి నడిచాడు. వెనక బెంచీ నుంచి ఎవరో "సార్ ఉత్తీర్ణతకు పోయిండు" అన్నారు. తరగతి మొత్తంలో నవ్వని వాణ్ణి నేనొక్కణ్ణే. సూత్రం సూత్రమే కదా.

బెల్లంపల్లిలో ఆ మాట లేకుండా పూట గడిచేది కాదు. బొగ్గుబాయి గేటు దాటించి చెక్కముక్క ఇంటికి తెచ్చుకోవాలన్నా పాస్ కావాలి. ఆఫీసులో బిల్లు పాస్ కావాలి. సినిమా హాలు యజమాని పెద్ద గుమాస్తాలకు ఊరికే ఇచ్చే చీటీ కూడా పాసే. దవాఖానలో కాంపౌండరు ఒక ముసలాయనను "తాతా, పాస్ మంచిగ అయితుందా?" అని అడిగితే, ఆయన సంతోషంగా "అయింది బిడ్డా, మా మనుమనికి. రెండుమాట్లు తప్పి గీసారి అయింది" అన్నాడట. ఒకే మాటకు ఇన్ని కొలువులు అప్పగించడం అన్యాయమని నేను ఇంట్లో ఉపన్యసించాను. చెల్లెలు మధ్యలోనే లేచిపోయింది.

ఆమెకు ఆ మాటకున్న అర్థాల్లో ఒక్కటే కావాలి. ఆ ఏడు ఆమె మెట్రిక్ రాసింది. పాస్ అయితే కరీంనగర్‌లో పంతులమ్మ ట్రైనింగుకు పంపిస్తానని బాపు మాట ఇచ్చాడు. తప్పితే సిరిసిల్లలో మేనత్త ఇంటికి పంపిస్తానన్నాడు. మేనత్తకు మగ్గాల దగ్గర కండెలు చుట్టే మనిషి ఒకరు, కొడుక్కు పెళ్లికూతురు ఒకరు కావాలి. రెండు పనులకూ ఒకే మనిషి సరిపోతుందని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. బావ చెడ్డవాడు కాదు. చెల్లెలి అభ్యంతరమల్లా ఒకటే: "ఆయన నోరు తెరిస్తె నూలు ముచ్చటనే. నేను పిల్లలకు పాఠం చెప్పాలె గని, ఆయన దగ్గర నూలు పాఠం వినుడేంది?"

ఫలితాల పేపరు మా ఊరికి వచ్చేది కానీ, నంబర్లున్న పేజీని పఠనమందిరంలో ఎవరో ఒకరు అందరికంటే ముందే చింపుకుపోయేవారు. కనుక చూసి చెప్పే బాధ్యత సికింద్రాబాద్‌లో రైల్వే గుమాస్తాగా ఉన్న మేనమామది. పోయినసారి వచ్చినప్పుడు ఆయనే అడిగి మరీ చెల్లెలి నంబరు తన సిగరెట్ డబ్బా మీద రాయించుకున్నాడు. "గిదైతె నా జేబు విడువది, కోడలా" అన్నాడు.

మా వీధిలో గాజులు అమ్మే సాయబు ఒకాయన ఉండేవాడు. మేము చాచా అని పిలిచేవాళ్ళం. సరుకు కోసం సికింద్రాబాద్ పోయిన చాచా, ఫలితాలు వచ్చిన మర్నాడు గాజుల మూట దించకుండానే మా వాకిట్లో ఆగాడు.

"అన్నా, మీ బామ్మర్ది కలిసిండు. పేపర్ వచ్చిందట. మీకు చెప్పుమన్నడు: నంబర్ పాస్ నై."

అవ్వ చేతిలో చాట ఆగిపోయింది. చెల్లెలు తలుపు పట్టుకుని నిలబడింది. బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చాచా మాత్రం తాపీగా మూట దించి, మంచినీళ్ళు అడిగి, మా మొహాలు చూసి ఆశ్చర్యపోయాడు.

"గింతదానికే గింత పరేషాన్ ఏందక్కా? జల్ది పంపియ్యుండ్రి, అయిపోతది."

"అదే అనుకుంటున్న. రేపే పంపిస్త" అన్నాడు బాపు.

"రేపెందుకు? గియ్యాల్నే పంపియ్యరాదు. అవుతల మనిషి ఎదురుచూస్తుండు."

"చూడనీ. మా మేనల్లుడు నెమ్మదస్తుడే."

"మేనల్లుడేంది అన్నా? నేను బామ్మర్ది సంగతి చెప్తుంటె!"

బాపు వినే స్థితిలో లేడు. అప్పుడు చెల్లెలు గడప దిగి వచ్చింది.

"చాచా, ఎన్ని మార్కులు తక్కువైనయట?"

"మార్కులా? నంబరే పాస్ లేకపోతె మార్కులెట్ల చూస్తడు బిడ్డా?"

"పాస్ లేకపోతె అంటే?"

"అంటే ఏముంది, ఆయన దగ్గర లేదు. సిగరెట్లు అయిపోయినయని డబ్బ పారేసిండట. నంబర్ మళ్ళ పంపుమన్నడు. మీరేమనుకున్నరు?"

ఉర్దూలో పాస్ అంటే దగ్గర, నై అంటే లేదు. ఈ సంగతి మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. బాపు నైజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాడే. కానీ ఫలితాల మర్నాడు, మెట్రిక్ రాసిన పిల్ల ఉన్న ఇంట్లో, ఆ మాట ఉర్దూ కావచ్చునని ఎవరికీ తోచలేదు.

"తెలుగుల చెప్పి పంపిస్తె వాని సొమ్మేం పోయె?" అని బాపు మండిపడ్డాడు.

"నా తమ్మున్ని అనకు" అంది అవ్వ.

"నీ తమ్ముడు పిల్ల బతుకును పొగ తాగి పారేసిండు!"

నంబరు టెలిగ్రాంలో పంపించాం. సాయంత్రానికి జవాబు వచ్చింది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది ఇంతే: నంబర్ పాస్, రేపు వస్తున్నాను.

చెల్లెలు ఎగరబోయింది. బాపు చేయి అడ్డుపెట్టాడు.

"ఆగు బిడ్డా. గిది ఏ పాస్?"

ప్రశ్న న్యాయమైనదే. నంబరు నెగ్గిందని కావచ్చు. నంబరు తన దగ్గరికి చేరిందని కూడా కావచ్చు. ఇన్నాళ్ళ నా శిక్షణకు తగిన సమస్య దొరికిందని నేను లేచి నిలబడ్డాను. "బాపూ, ఇంగ్లీషు పాస్ అయితే చివర ఎస్ రెండుమాట్లు వస్తది. ఉర్దూ పాస్ అయితే మధ్యల ఏ రెండుమాట్లు వస్తది. ఇందుల ఎస్సులే రెండున్నయి. కనుక..."

"మీ మామకు స్పెల్లింగ్ ఎన్నడొచ్చెర? సొంత పేరులనే ఒక అక్షరం మింగుతడు."

"నా తమ్మున్ని అనకు."

చాచాను పిలిపించాం. ఆయన కాగితం తిప్పి చూసి, న్యాయమూర్తిలా గడ్డం నిమిరి, "మా పాస్ అయితే ముందల 'మేరే', అంటే 'నా' అని ఉండాలె. మేరే లేదు. గిది మీ పాసే" అన్నాడు.

"టెలిగ్రాంల ఎన్ని మాటలుంటె అన్ని పైసలు. మేరే కాడ పొదుపు చేసిండేమో" అన్నాడు బాపు.

చాచా ఆలోచించి, "గదీ నిజమే" అన్నాడు. న్యాయమూర్తి పక్షం మార్చడం నేను అంతకుముందు కళాశాలలోనే చూశాను.

"మీరు తేల్చుకుంట కూసోండ్రి. నేను పెట్టె సర్దుకుంట. ఎటు పోయినా పెట్టె కావాలె గద" అంది చెల్లెలు. ఆ పెట్టెలో చీరలకంటే ముందు పుస్తకాలు పెట్టింది. సిరిసిల్లలో పుస్తకాలతో ఏం పని అని బాపు అడగలేదు.

మర్నాడు చాచాతో సహా అందరం స్టేషనుకు పోయాం. మేనమామ మిఠాయి పొట్లం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. టికెట్టో రైల్వే పాసో చూపమని టికెట్ కలెక్టరు చేయి చాపాడు. కలెక్టరు వెనక నుంచి బాపు, ఆగలేక, కేక పెట్టాడు.

"బామ్మర్దీ! ఏ పాస్?"

"ఫస్ట్ క్లాస్!" అని మామ అంతకంటే గట్టిగా అరిచాడు.

కలెక్టరు మామ అరిగిన చెప్పుల నుంచి మాసిన కాలరు దాకా చూశాడు. "ఫస్ట్ క్లాస్ పాసా? నీకెవడిచ్చిండు?"

"నాకు కాదయ్యా, మా కోడలుకు!"

"కోడలు పాస్ మీద నువ్వెట్ల ఎక్కినవ్?"

చెల్లెలు గేటు కమ్మీ పట్టుకుని, ఏడుపో నవ్వో తెలియకుండా ఊగిపోతోంది. బాపు ఆమె తల మీద ఒక్కసారి చేయి వేసి, ముందుకు వచ్చి, తువ్వాల సవరించుకుని, కలెక్టరు ముందు నిలబడ్డాడు.

"సారూ, జర నిమ్మలంగ ఇను. ముందుగాల పాస్ అంటే ఎన్ని తీర్లో నీకు చెప్పాలె."

ఆయన బొగ్గుబాయి గేటు నుంచి మొదలుపెట్టాడు. చెల్లెలు కమ్మీ మీదుగా చేయి చాపి మిఠాయి పొట్లం అందుకుంది. బాపు దవాఖాన దాకా వచ్చేసరికి మేము సగం తినేశాం. మామ ఇంకా లోపలే ఉన్నాడు.