తెంపిన హారం

మొన్న మలక్‌పేటలో డాక్టరమ్మ మా అన్న కూతురి ముందు ఒక పళ్లెంలో ప్లాస్టిక్ పూసలు పోసి, చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా పేర్చమంటే, నలభై దాటిన ఆ పిల్ల మూడు పెట్టి నాలుగోది వేళ్ల మధ్య పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. పక్క కుర్చీలోంచి ఆ పిల్ల కళ్లలోకి చూశాను. ఆ చూపు నేను ఇదివరకే చూశాను.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాల్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని హారాలు గుచ్చే రోజులవి. మా దుకాణంలో అన్నే పెద్ద పనివాడు. మెడ వెనక ఆవగింజంత ముత్యంతో మొదలుపెట్టి, నడుమకు శనగగింజంత దాకా పెంచి, మళ్లీ తగ్గించుకుంటూ కంటి కొలతతోనే గుచ్చేవాడు. మా నాయన పెట్టిన రివాజు ఒకటుండేది: తప్పు గుచ్చిన హారాన్ని, ఎదుట గిరాకీ ఉన్నా సరే, కత్తెరతో తెంపాలి, గుచ్చినవాడే ఏరుకుని మళ్లీ గుచ్చాలి. నావి ఎన్నో తెగాయి, అన్నది ఒక్కటీ తెగలేదు. ఆ ఉక్రోషం నాకు లోపల ఉండేదని ఇప్పుడు దాచడమెందుకు?

నాయన పోయాక, అన్నకు నలభై ఐదు దాటినప్పుడు, చేతులు వాటంతటవే కదలడం, నడక తూలడం, ఊరికే కస్సుమనడం మొదలైంది. తాగుతున్నాడనుకున్నాను. వాసన ఎన్నడూ రాలేదు, అయినా అనుకున్నాను. బార్కస్ నుంచి వచ్చిన పెళ్లివాళ్ల హారంలో నడుమ ఉండాల్సిన పెద్ద ముత్యాన్ని మెడ దగ్గర గుచ్చిన రోజు, వాళ్లు చూస్తుండగానే కత్తెర తీసి తెంపేశాను. అన్న మోకాళ్ల మీద వంగి ఒక్కొక్కటే ఏరుతూ, "అన్నీ యాదికున్నయి తమ్మీ, ఏది ముందల ఏది ఎన్కనో తెలుస్తలేదు," అన్నాడు. "తాగుడు బంద్ చెయ్, అన్నీ తెలుస్తయ్," అన్నాను. ఛీ, ఏం నోరది! మర్నాటి నుంచి ఆయన దుకాణానికి రాలేదు, నేను రమ్మనలేదు. తాగుబోతన్న పేరు నేను పెట్టిందే, ఆ పేరుతోనే పోయాడు.

తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డలకు దిగే జబ్బట, అన్నకు వచ్చిందీ ఇదేనట; జ్ఞాపకం కంటే ముందు పని వరస పోతుందట. డాక్టరమ్మ పావుగంటలో చెప్పేసింది.

తిరుగు దారిలో ఆటో పత్తర్‌గట్టి కమాన్ దగ్గర ఆగినప్పుడు, "మరి బాపు తాగలేదా, చిన్నబాపూ?" అని అడిగింది ఆ పిల్ల. నా మాట నమ్మి, ఆఖరి రోజుల్లో తండ్రి మంచం దగ్గరికైనా పోని పిల్ల. "లేదు బిడ్డా," అన్నాను.

ఇప్పుడు పత్తర్‌గట్టికి హారాలు గుచ్చినవే డబ్బాల్లో వస్తున్నాయి, వరస తప్పినా తెంపేవాడు లేడు. డాక్టరమ్మ చెప్పినట్టు ఆ పిల్ల రోజూ పొద్దున పూసలు పేరుస్తుంది. కింద పడినవాటిని ఈ ముసలి మోకాళ్ల మీద వంగి నేనే ఏరుతున్నాను. ఆనాడు అన్నకు ఒక్క ముత్యమైనా ఏరి ఇవ్వలేకపోయాను.