డ్రమ్ముకు బదులు ట్యాంకు

పాకాల ఢిల్లీబాబు మామిడి మందుల మీద పీడీఎఫ్ పుస్తకం రాసి ఫోన్లోనే నలభైతొమ్మిది రూపాయలకు అమ్ముతాడు. కొన్నవాళ్లు ఊరికే పంచేస్తారేమోనని ఎప్పుడూ బొటనవేలి గోరు కొరుకుతూ ఉంటాడు. ప్రతి పేజీ అడుగునా 'ఇతరులకు పంపరాదు' అని ఎర్రగా వేశాడు. ఈ ఉదయం పుస్తకం తిరగేస్తుంటే తన తప్పే కంటబడింది. రెండువందల లీటర్ల డ్రమ్ములో కలపాల్సిన మందును, వీపుకు తగిలించుకునే చిన్న ట్యాంకులో కలపమని రాశాడు. అలా కొడితే పూతంతా మాడిపోతుంది. కొన్న పదకొండు మందికీ ఫోన్లు చేశాడు.

చివరగా ఎత్తిన రైతు ఆదిమూలం, "నేనింకా కొట్టలేదులేప్పా" అన్నాడు. ఢిల్లీబాబు నోట్లోంచి వేలు తీశాడు.

"ఆ పేజీ మాత్రం, అడుగున ఎర్ర రాత కత్తిరించి, మా ఊరి గ్రూపులో పెట్టినా. పొద్దన్నే అందరూ ట్యాంకులేసుకోని తోటలకి పోయినారు."