నాలుగో శీలం దగ్గర ఆగిపోయాను

నలభై ఏళ్లుగా ఒక మనిషి చావు నా గుండెల మీద ఉంది. ఎవరికీ చెప్పలేదు. బౌద్ధం గురించి కొత్తవాళ్లకు అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాసిమ్మని మీరు అడిగారు కాబట్టి మీకే చెబుతున్నాను. బుద్ధుడు, ధర్మం, సంఘం అనే మూడు శరణాలు రాశాను. దుఃఖం ఉందని, దానికి కారణం ఉందని, అది పోతుందని, పోయే దారి ఉందని రాశాను. పంచశీలంలో మూడు అయ్యాయి. నాలుగోది, అబద్ధమాడకూడదు. అక్కడ వారం రోజులుగా చెయ్యి ఆడటం లేదు.

ఇవన్నీ నాకు నేర్పింది మా ఇబ్రహీంపట్నంలో మగ్గం నేసే నర్సయ్య మామ. బొంబాయి మిల్లులో పనిచేసిన రోజుల్లో శీలాలు తీసుకుని ఊరికొచ్చాడు. నేను మగ్గం పక్కన కూర్చుని వినేవాణ్ణి. ఆ రోజుల్లోనే గుట్టల్లో ఉన్న కమ్యూనిస్టు దళానికి జొన్నరొట్టెలు మోసేవాణ్ణి. మామ చూశాడు. మర్నాడు ఎప్పటిలాగే పాఠం చెప్పాడు.

పోలీసు చర్య అయ్యాక ఆ దళాన్ని వెతుక్కుంటూ మిలిట్రీ మా ఊరు వచ్చింది. మగవాళ్లందరినీ చావడి ముందు కూర్చోబెట్టి, రొట్టెలు మోసేది ఎవరని ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ తెలియదన్నారు. నేనూ అన్నాను. మామ వంతు వచ్చింది.

"నాకు ఎర్కనే. గని చెప్ప."

తెలియదంటే సరిపోయేది కదా? ఆ ఒక్క ముక్క అనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆయన్ని క్యాంపుకు తీసుకుపోతుంటే నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఆ కోపం నాకు బాగా అక్కరకొచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన భార్య మల్లమ్మత్త మా గడపలో నిలబడింది.

"పేరు చెప్తే ఇడిచిపెడ్తరంట బిడ్డా. నోరు ఇప్పుతలేడు. గా మనిషెవరో నీకెర్కనా?"

"నాకేం ఎర్క లేదత్తా."

మూడో రోజు బండిలో శవం వచ్చింది.

చావడి దగ్గర అబద్ధం ఆడింది భయంతో అని సర్దిచెప్పుకున్నాను. మరి గడపలో ఆడింది? ఆమె చేతిలో తుపాకి లేదు. మామ ఇంకా బతికే ఉన్నాడు. క్యాంపు రెండు కోసుల దూరం. నడిచి వెళ్లి నేనేనని చెబితే నన్ను చంపేవాళ్లేమో, ఆ 'ఏమో' మీదే ఇన్నేళ్లూ బతికాను. కర్మకు మూలం మనసులోని ఉద్దేశమని ఎంతమందికి బోధించానో. నా ఉద్దేశం నాకు తెలియదా? మల్లమ్మత్త మాత్రం బతికినన్నాళ్లూ, ఏటా వైశాఖ పున్నమికి, ఆయన శిష్యుణ్ణని పిలిచి పాయసం పెట్టింది. తిన్నాను.

భిక్షువులు తమ తప్పును ఇంకో భిక్షువు ముందు చెప్పుకుంటారు. వినేవాడు క్షమించాననడు. తప్పు కనబడుతోందా అని అడుగుతాడు, ఇకముందు జాగ్రత్తగా ఉండమంటాడు. మీరూ నన్ను క్షమించనక్కర్లేదు. కనబడుతోంది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.

నాలుగో శీలం కింద ఇంకేమీ రాయలేను. ఈ కాగితమే అచ్చు వేయండి.