అడిగింది మా పిల్లని కదండీ

నా చిన్నప్పుడు ఒక మేష్టారి మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో కూడా తెలియదు. పోయినవాళ్ళ మీద ఇంకా కోపమేమిటండీ అంటుంది మా కోడలు. అది దాని మంచితనం. నాకంత మంచితనం లేదు.

మాది కొల్లేటి మధ్య లంక. చేపలు పట్టి బతికే ఇల్లు. అవి తెల్లదొరల రోజులు. మా వైపు ఆడపిల్ల పలక పట్టుకోవడమే వింత. అయినా మా తాతయ్య పట్టుబట్టి నన్ను ఏలూరు హాస్టల్లో పెట్టి చదివించాడు. నలుగురూ నాలుగు మాటలన్నా చెవిన పెట్టలేదు.

ఒక ఏడు మా బడి పక్కనున్న కాలేజీకి దేశదేశాల విద్యార్థులు వస్తున్నారన్నారు. జపాను నుంచి, ఇంగ్లండు నుంచి, నేను పేరైనా వినని దేశాల నుంచి. వాళ్ళ చదువులూ ఆచారాలూ మనం తెలుసుకోవాలి, మనవి వాళ్ళు తెలుసుకోవాలి, అందుకని పెద్ద సభ. అందులో కొల్లేరు గురించి ఇంగ్లీషులో మాట్లాడడానికి మా టీచరుగారు నన్ను ఎంచారు. ఇక నాకు నేల మీద కాలు నిలిచిందా? అన్నం తింటూ అదే వల్లించాను, జడ వేసుకుంటూ అదే వల్లించాను. వచ్చి వినమని తాతయ్యకి కబురు పంపాను.

సభ రేపనగా, దాన్ని నడిపించే కాలేజీ మేష్టారు నన్ను పిలిపించారు. నా ఉపన్యాసం ఒక్క ముక్క వినలేదు. మీ వాళ్ళు ఏం చేస్తారని అడిగారు. చేపలు పడతారండీ అన్నాను. ఆయన మొహం విచ్చుకుంది. నిజమైన జాలరి పిల్లే దొరికిందండీ అని పక్కాయనతో అన్నారు, నేనక్కడ లేనట్టే. ఉపన్యాసం తీసేసి లాయరుగారి అమ్మాయికిచ్చారు. ఆ పిల్ల కొల్లేరు గట్టు మొహమైనా చూసి ఎరగదు. నన్ను మాత్రం పాత చీర మోకాళ్ళ పైకి కట్టుకుని, బుట్ట పట్టుకుని, వేదిక మీద బొమ్మలా నించోమన్నారు. నోరు మెదపకూడదు, కదలకూడదు. బుట్టలో చేపలు కూడా వద్దు, దొరలకి వాసన పడదట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎక్కి ఏం చేస్తుంది, తలూపాను.

మర్నాడు తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో కుండతో వచ్చాడు. కుండలో తడి నాచు మధ్య బతికున్న కొర్రమీను. మా కొల్లేటి వాళ్ళు నీళ్ళు దాటి వచ్చిన చుట్టాన్ని చూడడానికి వట్టి చేతులతో వెళ్ళరు. వచ్చినవాళ్ళు ఎంతెంత నీళ్ళు దాటారో పాపం ఆయనకేం తెలుసు. ముందు వరసలో కూర్చోబోతే లేపి వెనక్కి పంపారు. అక్కడ నించునే, లాయరుగారి అమ్మాయి నా ఉపన్యాసం చదువుతుంటే విన్నాడు. పక్కన బొమ్మలా నించున్న నన్ను చూశాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. తల కొట్టేసినట్టయింది.

ఉపన్యాసం అయ్యాక పరదేశపు విద్యార్థులు నన్ను దగ్గరగా చూడడానికి వేదిక ఎక్కారు. వాళ్ళ వెనకాలే తాతయ్య కూడా ఎక్కాడు. ఎవరో ఆపబోతే, "ఏవండీ, చుట్టాల ముందు ఖాళీ బుట్ట పట్టుకుంటే మా ఇంటికి అప్రతిష్ఠండీ" అంటూ కుండ వంచి కొర్రమీనుని నా బుట్టలో వేసేశాడు.

అది ఊరుకుంటుందా? ఎగిరి వేదిక మీద పడింది. మేష్టారు కెవ్వుమన్నారు. దొరలు వెనక్కి తగ్గారు. నా చేతులు నన్నడగలేదు. వంగి, తల దగ్గర నొక్కి పట్టి చేపని పైకెత్తాను. జపాను అమ్మాయి ఒకర్తి పకపకా నవ్వి నా పక్కన చతికిలబడి, దీని పేరేమిటి, నీళ్ళు లేకుండా ఎలా బతికిందని నన్ను అడిగింది. ఆమె ఇంగ్లీషు కూడా నాలాగే తడుముకునే ఇంగ్లీషు.

నేను నోరు తెరిచేలోగా మేష్టారు మధ్యలో దూరి జవాబు మొదలెట్టారు. తాతయ్యకి ఇంగ్లీషు రాదు. అయినా ఎవరు ఎవరివైపు చూసి అడిగారో చూడడానికి ఇంగ్లీషెందుకు?

"అడిగింది మా పిల్లని కదండీ. దాన్నే చెప్పనివ్వండి."

గొంతు పెంచలేదు. కళ్ళు మాత్రం మేష్టారి మీద నుంచి తిప్పలేదు. ఆయన ఆగిపోయారు. నేను చెప్పాను. కొర్రమీను గురించి చెప్పాను, మా దోనెల గురించి చెప్పాను, వానాకాలం మా గుమ్మం దాకా వచ్చే నీళ్ళ గురించి చెప్పాను. మీ ఊళ్ళో చేపలెలా పడతారని నేనూ అడిగాను. ఆమె చేతులు చాపి, వల విసిరినట్టు నటించి చూపించింది. ఆ సభలో ఒకరి సంగతి ఒకరు తెలుసుకున్నదంటూ ఉంటే అదొక్కటే.

తరవాత జరిగిన టీ పార్టీకి మమ్మల్ని పిలవలేదు. సభ అల్లరి చేశారని మేష్టారు మా టీచరుగారికి ఫిర్యాదు చేశారట. చేసుకోనీ.

హాస్టలుకి తిరిగి వస్తుంటే, ఖాళీ బుట్ట అప్రతిష్ఠనే కదా చేప వేశావు అని తాతయ్యని అడిగాను. "వాళ్ళకి అలా చెప్పానమ్మా. నిన్ను కదలొద్దన్నారని మీ టీచరుగారు చెప్పారు. కొర్రమీను పడితే నువ్వు కదలక చస్తావా?" అన్నాడు. అప్పుడు చూశాను, ఖాళీ కుండ మెడని ఇంకా నులిమేస్తున్నట్టే పట్టుకున్నాడు. భయం కాదు, కోపం. అంత కోపం పెట్టుకుని అంత మెత్తగా ఎలా మాట్లాడాడో.

నేనైతే ఆ మెత్తదనం నేర్చుకోలేకపోయాను. మిగతాది నేర్చుకున్నాను. మొన్న ఏలూరు ఆస్పత్రిలో డాక్టరుగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అమ్మగారికి నొప్పి ఎక్కడండీ అని మా అబ్బాయిని అడిగారు. వాడు చెప్పబోయాడు. నేను బల్ల మీద అరచేత్తో కొట్టాను.

"మోకాలు నాదండీ. నన్నడగండి."